మందు పని ఏ గుంపు?

బడికి కొత్తగా వచ్చిన ఆ మేడమ్‌కి పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఎవరిక్కావాలి? వచ్చిన వారం తిరక్కుండానే ఊరు ఊరంతా ఆమెను "గుంపుల మేడమ్" అనేసింది. లోకంలో మనుషులు చేసే పనులన్నిటినీ గుంపులు కట్టి, పదో తరగతి పిల్లల్ని తలా ఒక గుంపులో వెయ్యడం ఆమె ఉద్యోగం. ఆరోగ్యం గుంపు, రవాణా గుంపు, తిండీ పంటల గుంపు, లెక్కలూ వ్యాపారాల గుంపు, భూమీ కట్టడాల గుంపు, ఇంకా ఏవేవో. వచ్చే ఏడాది నుంచి పిల్లల చదువు ఆ గుంపును బట్టే ఉంటుంది. "గుంపులో గోవిందా అనడానికి ఇన్ని గుంపులెందుకమ్మా?" అని కూరగాయల బండి తాత నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు. ఆయన మనవల చదువులన్నీ ఎప్పుడో అయిపోయాయి. పిల్లలున్న ఇళ్ళలో మాత్రం ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఎందుకంటే ఈ శుక్రవారం మధ్యాహ్నంతో గుంపులు ఖాయమైపోతాయి. ఆ తర్వాత తల కిందులుగా తపస్సు చేసినా మార్చరు.

సోమవారం తల్లిదండ్రుల్ని పిలిచారు. బట్టలు కుట్టే ఆవిడ, అంటే మందు మేస్త్రీ భార్య, వరండా బెంచీ మీద తన వంతు కోసం కూర్చుంది. మందు మేస్త్రీ అంటే ఈ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళకు చెప్పాలి. ఊరి చివర రాతి క్వారీ ఉంది. అక్కడ రాయికి బెజ్జాలు వేసి, వాటిలో పేలుడు మందు దట్టించి, కొండను పగలగొట్టే పని అతనిది. ఈ ఊళ్ళో మందంటే అదొక్కటే. జ్వరానికి వేసుకునేదాన్ని బిళ్ళ అంటారు, దగ్గుకు తాగేదాన్ని సిరప్పంటారు, సాయంత్రం చాటుగా తాగేదాన్ని సరుకంటారు. మందనే మాటను కొండకే వదిలేశారు. ఇన్నేళ్ళలో దానివల్ల ఎవరికీ ఏ చిక్కూ రాలేదు, గుంపుల మేడమ్ వచ్చేదాకా.

మేడమ్ గది గోడ నిండా రంగురంగుల అట్టముక్కలు. ఒక్కో గుంపు కింద చీమల బారులాగా పనుల పేర్లు. "ఆరోగ్యం అంటే డాక్టర్లే అనుకోకండమ్మా. రక్తం పరీక్ష చేసేవాళ్ళూ, ఎక్స్‌రే తీసేవాళ్ళూ, ఆస్పత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళూ, అంతా ఆ గుంపే," అని మేడమ్ చూపించింది. పాపం, మంచి మనిషి. చెప్పిందే చెప్పినా విసుక్కోదు.

"మరి నాలాంటిదాన్ని ఎందులో వేస్తారండీ? డాక్టరు కోటు కుడితే ఆరోగ్యమా, పెళ్ళికూతురి జాకెట్టు కుడితే వేడుకలా?" అంది తల్లి, భయం పోవడానికి.

మేడమ్ నిజంగానే ఆలోచనలో పడింది. తర్వాత తేరుకుని నవ్వి, "మీ నోరే మీ అమ్మాయికి వచ్చింది," అంది. "క్లాసులో ఒక్కొక్కరినీ లేపి, నీకేం పని ఇష్టమని అడిగాను. మీ అమ్మాయి లేచి, మందు పని మేడమ్ అంది. ఎందుకూ అన్నాను. ఏమందో తెలుసా? ఆ పనికి చెయ్యి వణకకూడదు మేడమ్, కొలత తప్పకూడదు, ఎంత తొందరున్నా తొందరపడకూడదు, చిటికెడు ఎక్కువైనా మనిషి ప్రాణం మీదికొస్తుంది అంది. పదిహేనేళ్ళ పిల్ల! మారు మాట్లాడకుండా ఆరోగ్యం గుంపులో వేసేశాను. రేపు మందుల తయారీలోకి వెళ్ళొచ్చు, ఆస్పత్రిలో మందులిచ్చే చోటికి వెళ్ళొచ్చు. మీకు అభ్యంతరం లేదు కదా?"

ఆ పిల్ల ఏ మందు గురించి చెప్పిందో తల్లికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలియకపోవడానికి ఏముంది? ఆ మాటలన్నీ మొగుడివి. అన్నం తింటూ రోజూ అనే మాటలే, పిల్ల పొల్లుపోకుండా అప్పజెప్పింది. "ఆ మందు కాదండీ," అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. ఆమె తమ్ముడు ఆ క్వారీలోనే పోయాడు. పెళ్ళి కూడా కాలేదు వాడికి. గుమ్మంలో ఒంగకపోతే తల తగిలేంత పొడుగు మనిషిని దుప్పట్లో మూటలా తెచ్చారు. ఇప్పుడు దేవుడే ఈ పిచ్చి మేడమ్ చెవిలో దూరి ఒక మాటను ఇంకో మాటగా వినిపిస్తే, వద్దనడానికి తనెవరు?

"మీ దయ మేడమ్," అంది తల్లి. చూపించిన చోట సంతకం పెట్టింది. అబద్ధం ఆడలేదు, ఒట్టు. నోరు మూసుకుంది, అంతే. నోరు మూసుకోవడం అబద్ధం ఎలా అవుతుందని ఇంటిదాకా తనతో తనే వాదించుకుంటూ వచ్చింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, పిల్ల ఇంట్లో లేని సమయం చూసి జరిగింది చెప్పింది. అతనికి ఒక చెవి సగమే వినబడుతుంది కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారికి అర్థమై, కడుపు పట్టుకుని నవ్వాడు. చెంబు చేతిలోంచి జారిపోయేంత నవ్వు.

"జ్వరం బిళ్ళలా? మన పిడుగా?" అన్నాడు. కూతుర్ని అతను పిలిచే పేరది. "మరి నువ్వేమన్నావే?"

"ఏమీ అనలేదు."

నవ్వు ఆగిపోయింది. అతను తువ్వాలు తీసుకుని కాళ్ళు తుడుచుకున్నాడు, అవసరానికి మించి తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, నోట్లో బెల్లం పెట్టుకున్నావా? ఏదో ఒకటి అను."

"ఏమనమంటావ్? నాకు మాత్రం భయం లేదా? అది కిటికీ దగ్గర నిలబడి పేలుడు వింటుంటే నా ప్రాణం జివ్వుమంటుంది. కానీ అది అన్న మాట ఒకటి, వాళ్ళు రాసుకున్న మాట ఒకటి. తేడా ఉందని తెలిసింది నీకొక్కదానికే. శుక్రవారం దాకా టైముందన్నావుగా. వెళ్ళి చెప్పు."

"నువ్వే చెప్పరాదూ?"

"మాట మింగింది నువ్వు. కక్కాల్సిందీ నువ్వే." అంతకు మించి అనలేదు. అరిచినా బాగుండేది, ఆమె ఎదురు అరిచేది, అక్కడితో తేలిపోయేది. ఈ మనిషి ఎప్పుడూ అంతే, నిప్పు చేతికిచ్చి దూరంగా నిలబడతాడు.

మంగళవారం తల్లి బడి గేటు దాకా వెళ్ళింది. లోపల పిల్లలు గట్టిగా పాఠం చదువుతున్నారు. ఇప్పుడు వెళ్తే మేడమ్ పనికి అడ్డమని వెనక్కి వచ్చింది. బుధవారం అర్జంటుగా ఇవ్వాల్సిన గౌను గుర్తొచ్చింది. ఆ గౌను ఆదివారానికి ఇస్తే చాలని ఆమెకు తెలుసు. మనసుకు వంకలు నేర్పాలా?

ఇక పిల్ల సంగతి చూడాలి. గాల్లో తేలిపోతోంది. "అమ్మా, మేడమ్ నా గురించి ఏమన్నారే?" అని అడుగుతుంది. "బాగా మాట్లాడావన్నారు," అంటుంది తల్లి. అందులోనూ అబద్ధం లేదు. అన్నం దగ్గర తండ్రీ కూతుళ్ళ ముచ్చట మొదలవుతుంది.

"బెజ్జంలో నీళ్ళుంటే ఏం చేస్తావ్ పిడుగూ?"

"ఊదించి ఆరబెట్టాలి. లేకపోతే తడికి తట్టుకునే మందు వాడాలి."

"వాన మబ్బు పట్టి, దూరంగా మెరుపు కనిపిస్తే?"

"ఎక్కడి పనక్కడ వదిలేసి దిగిపోవాలి."

"ఓనరు వచ్చి, లారీలు ఆగిపోయాయి, కానీ కానీ అంటే?"

"నువ్వే వచ్చి కూర్చో సారూ అనాలి."

తండ్రి పడీ పడీ నవ్వేవాడు. తల్లి మాత్రం గోడవైపు తిరిగి కుట్టుమెషీన్ తొక్కేది. ఎంత గట్టిగా తొక్కేదంటే సూది రెండుసార్లు విరిగింది. మొగుడు నవ్వుతూనే ఓరకంట ఆమెను చూసేవాడు. ఆ చూపు ఆమెకు వీపు మీద తగిలేది.

గురువారం సాయంత్రం గుట్టు రట్టయింది. మేడమ్ క్లాసులో గుంపుల పేర్లు పైకి చదివిందట. పిల్ల ఇంట్లోకి వస్తూనే సంచీని గోడకేసి కొట్టింది. తండ్రి అప్పుడే క్వారీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వే కదా?" అంది తండ్రి మీదికి వెళ్ళి. "నన్ను ఆరోగ్యంలో వేశారు. నేను మందు పని అంటే ఆరోగ్యంలో ఎందుకు వేస్తారు? మేడమ్‌ని అడిగితే, మీ ఇంట్లోవాళ్ళు కూడా సంతోషంగా ఒప్పుకున్నారమ్మా అంది. నువ్వే అమ్మ చేత చెప్పించి ఉంటావు! ఆడపిల్ల కొండెక్కితే క్వారీలో నవ్వుతారని పోయిన నెల అన్నావుగా!"

అది సరదాకి అన్న మాట. తండ్రి నోరు తెరిచాడు. తెరిచి, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు. తల్లి చేతిలో కత్తెర ఉంది, సగం కత్తిరించిన గుడ్డ ఉంది. ఇప్పుడు చెప్పాలి, నేనేనమ్మా అని ఇప్పుడే చెప్పాలి అని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ పిల్ల కళ్ళలో కసి ఉంది. ఆ కసి తనవైపు తిరిగితే తట్టుకోలేననుకుంది.

మేస్త్రీ తల దించుకున్నాడు. "నీ మంచికేనమ్మా," అన్నాడు మెల్లగా.

ఇంకేం కావాలి? పిల్ల ఏడవను కూడా ఏడవలేదు. "ఇన్నాళ్ళూ అన్నం దగ్గర నాతో ఆడుకున్నావా నాన్నా? బెజ్జంలో నీళ్ళుంటే ఏం చేస్తావ్, మెరుపు వస్తే ఏం చేస్తావ్ అని? కోతిని ఆడించినట్టు ఆడించావా?" అంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మేస్త్రీ ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనలేదు. తన తప్పును తన మొగుడు భుజానేసుకుంటే భార్యకు ఎలా ఉంటుందో, పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

శుక్రవారం పొద్దున అతను పనికి బయల్దేరితే, రోజూ నీళ్ళ సీసా నింపి గేటు దాకా వచ్చే కూతురు బయటికి రాలేదు. తండ్రి కాసేపు చూసి, ఖాళీ చేతులతోనే వెళ్ళిపోయాడు. తల్లి వెనకనుంచి చూసింది, చూసి గతుక్కుమంది. చొక్కా గుండీలన్నీ ఒకటి దాటించి పెట్టుకున్నాడు. కాలరు ఒకవైపు లేచింది, అంచు ఒకవైపు వేలాడుతోంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్క గుండీ కూడా తప్పుగా పెట్టుకోవడం ఆమె చూడలేదు. "ఏమయ్యా, చొక్కా!" అని అరిచింది. ఆ సగం చెవి ఇటువైపే ఉన్నట్టుంది, వినబడలేదు.

క్వారీ ఇళ్ళలో ఒక మాట ఉంది. మనసు చెదిరినవాడు మందు ముట్టకూడదు. ఇంట్లో గొడవపడ్డవాడినీ, జబ్బు మనిషిని వదిలి వచ్చినవాడినీ ఆ రోజుకు బండలు మోసే పనికి పంపేస్తారు. ఎవరు పంపుతారు? మేస్త్రీ పంపుతాడు. మరి మేస్త్రీనే పంపేదెవరు? తల్లి మెషీన్ ముందు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కుడిచేతి అంచు కుట్టబోయి ఎడమచేతికి కుట్టింది. విప్పదీసింది. చివరికి మొగుడు వెళ్ళిన దారికేసి చూసి, తనను తనే తిట్టుకుంటూ చెప్పులేసుకుంది. క్వారీలోకి ఆమెను రానివ్వరు. కూతురితో అతనికి మాట కలపాలంటే దారి ఒక్కటే ఉంది, అది బడిలోంచే పోతుంది.

మేడమ్ గదిలో అట్టముక్కలు గోడమీంచి దిగిపోయి, బల్లమీద కట్టలుగా ఉన్నాయి. ఒంటిగంట కొట్టగానే అన్నీ పై ఆఫీసుకు పంపేస్తారట. తల్లి ఆయాసం తీర్చుకోకుండానే మొదలెట్టింది.

"మేడమ్, మా పిల్లది ఆ మందు కాదు."

"ఏ మందు కాదు?"

"మీరనుకున్న మందు కాదు. మా ఊళ్ళో మందంటే పేలుడు మందు. కొండ పగలగొడతారే, అది. దాని నాన్న చేసేది ఆ పనే. అది అడిగింది కూడా ఆ పనే."

మేడమ్ మొదట నవ్వింది. తర్వాత పిల్ల అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. చెయ్యి వణకకూడదు. చిటికెడు ఎక్కువైతే.

"అయ్యో రామా," అంది. "మరి సోమవారం నాడే చెప్పలేదేం?"

"చెప్పలేదు. తెలిసే చెప్పలేదు." ఆ మాట అనేశాక తల్లికి కాస్త ఊపిరాడింది. "దాని మేనమామ ఆ పనిలోనే పోయాడండీ. మీరు పొరబడ్డారు, అది నాకు కలిసొచ్చింది. నోరు మూసుకున్నాను. ఇప్పుడది వాళ్ళ నాన్నే మోసం చేశాడనుకుంటోంది. ఆయన నా తప్పు మీదేసుకుని, ఆ మనసుతో ఇప్పుడు మందు దట్టిస్తున్నాడు."

మేడమ్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది.

"చూడమ్మా. ఉద్యోగం మాట పక్కన పెట్టి చెప్తున్నాను. నాకూ కూతురుంది. ఇంట్లో గొడవ ఇంట్లో సర్దుకోండి, మీ ఆయన తప్పు లేదని అమ్మాయితో చెప్పండి. గుంపు మాత్రం ఇలాగే ఉండనివ్వండి. పొరపాటు నాది. రేపు ఎవరైనా అడిగితే నేనే పొరబడ్డానంటాను. మీకు మాట రాదు. భూమీ కట్టడాల గుంపులో సర్వేలున్నాయి, మ్యాపులున్నాయి, కానీ మీ అమ్మాయి వాటి జోలికి పోయే పిల్ల కాదు. నేరుగా కొండ మీదికే పోతుంది. నాకన్నా మీకే బాగా తెలుసు."

చూశారా, మళ్ళీ అదే పళ్ళెం, మళ్ళీ అదే భోజనం. నోరు మూసుకుంటే చాలు, పిల్ల బతుకుతుంది. తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. ఈ మేడమ్ ఎందుకింత మంచిదై చచ్చింది, తిట్టినా బాగుండేది అనుకుంది.

అప్పుడే క్వారీ సైరన్ రెండుసార్లు పొట్టిగా కూసింది. పేల్చబోతున్నారని. బడి అంతా అలవాటుగా నిశ్శబ్దమైపోయింది. పాఠం చెప్పే టీచర్లు కూడా ఆ కాసేపు ఆపేస్తారు.

"పిల్లని పిలవండి మేడమ్," అంది తల్లి.

పిల్ల వచ్చింది. తల్లిని అక్కడ చూసి ముఖం ముడుచుకుంది. "నాన్న పంపాడా?" అంది.

"నాన్న పంపలేదు. నాన్నకు ఏ పాపమూ తెలీదు. మేడమ్ పొరబడితే, తెలిసి కూడా చెప్పనిది నేను. సంతకం పెట్టింది నేను. నువ్వు నిన్న ఆయన్ని అన్నన్ని మాటలన్నావే, అవన్నీ నావి. నీ ముందు ఒప్పుకునే ధైర్యం లేక ఆయన్ని పడనిచ్చాను."

పిల్ల నోరు తెరిచింది. ఏదో అనబోయింది. అప్పుడు కొండ పేలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, బల్ల మీది అట్టముక్కలు రెండు కింద పడ్డాయి. మేడమ్ ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుంది. పేలుడు ఆగింది. ఇక ఒక పొడుగు కూత రావాలి. అందరూ క్షేమం, కిందికి రావచ్చు అని చెప్పే కూత. అది వచ్చేదాకా ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఎసరు కూడా దించరు.

కూత రాలేదు.

తల్లి తలుపు వైపు చూసింది. పిల్ల కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచలు పట్టుకుంది. దుమ్ము మేఘం కొండ మీంచి మెల్లగా పక్కకు పోతోంది. కూత ఇంకా రాలేదు. తల్లికి ఆ దుమ్ములో వంకర గుండీల చొక్కా తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కుర్చీ పట్టుకుంది.

"ఇంతసేపు పడుతుందా రోజూ?" అంది మేడమ్. మేడమ్ పిల్ల వైపు తిరిగింది. "ఏమమ్మా. మీ నాన్న అక్కడున్నారు. ఏమైందో తెలీదు. మీ అమ్మను చూడు, ఎలా అయిపోయిందో. ఇప్పుడు చెప్పు. ఇప్పుడు కూడా నీకు ఆ పనే కావాలా?"

క్రూరమైన ప్రశ్నే. కానీ అడగాల్సిన ప్రశ్న కూడా అదే. పిల్ల ఊచలు వదల్లేదు. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"కావాలి మేడమ్."

"ఎందుకే తల్లీ?" అంది తల్లి.

"కూత రాలేదంటే ఏదో అయిపోయిందనుకుంటున్నారు మీరిద్దరూ," అంది పిల్ల, కొండ మీంచి చూపు తిప్పకుండానే. "కూత వెయ్యమనేది నాన్నే. అన్ని బెజ్జాలూ పేలాయో లేదో చూసి, ఒక్కదాని మీద అనుమానం ఉన్నా వెయ్యనివ్వడు. అందర్నీ అక్కడే ఆపేసి కూర్చోబెడతాడు. ఇప్పుడు అదే చేస్తున్నాడు. ఇది నాన్న పని చేస్తున్న టైము. మామయ్య పోయిన రోజు కూత ఎప్పుడొచ్చిందమ్మా? చెప్పు."

ఆ రోజు కూత వెంటనే వచ్చింది. పేలుడు సద్దు అణగక ముందే వచ్చింది. అమ్మయ్య అనుకుని తల్లి పొయ్యి మీంచి ఎసరు దించింది కూడా. ఆ కూత నమ్మి తమ్ముడు కొండెక్కాడు. పేలకుండా మిగిలిన బెజ్జం వాడి కాళ్ళ కింద పేలింది. అప్పటి మేస్త్రీ వేరే మనిషి, ఓనరు తొందరపెడితే తలూపే మనిషి. ఇన్నేళ్ళుగా ఈ నిశ్శబ్దానికి తను రోజూ చస్తూ బతికింది. అదే నిశ్శబ్దంలో తన కూతురు ఇంకేదో వింటోందని ఆమెకు ఈ రోజు దాకా తట్టలేదు.

"నాకు భయం లేదని కాదు," అంది పిల్ల. "నాన్నకి పొద్దున నీళ్ళు కూడా ఇవ్వలేదు నేను."

మేడమ్ తల్లి ముందుకు ఒక కాగితం జరిపింది. "గుంపు మారాలంటే తల్లో తండ్రో ఇష్టపడి అడగాలమ్మా. నోరు మూసుకుంటే సరిపోదు. మీకు ఇష్టమేనా?"

కొండ మీద ఇంకా అలికిడి లేదు. ఆ సైరన్ కూశాక మేడమ్ అడిగి ఉంటే ఎంత బాగుండేది! బతికి ఉన్నాడని తెలిశాక ఎవరైనా ఎన్ని మాటలైనా అంటారు. తల్లి ఒకసారి కిటికీ వైపు చూసింది. కూతురి భుజాలు అచ్చం మొగుడి భుజాల్లాగే ఉన్నాయి.

"ఇష్టం లేదు మేడమ్," అంది. "నాకు చచ్చేంత భయం. నా ఇష్టం అడిగితే దాన్ని ఈ గదిలోంచే కదలనివ్వను. అయినా మార్చండి. దాని నోట్లోంచి వచ్చిన మాట దానికిచ్చెయ్యండి. భూమీ కట్టడాలు. మందు పని. పేల్చే మందు. అడుగుతున్నది నేనే."

సంతకం పెట్టింది. కలం కింద పెట్టిన ఎంతో సేపటికి గానీ, ఆమెకైతే ఒక జన్మ గడిచినట్టయింది, పొడుగు కూత రాలేదు. వచ్చాక బడిలో ఆగిన పాఠాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. పిల్ల కిటికీ వదిలేసి గుమ్మం వైపు పరుగెత్తింది. తల్లి పక్కనుంచే వెళ్ళింది. ఆగి కావలించుకుంటుందనీ, ఒక్క మంచి మాట అంటుందనీ తల్లి చెయ్యి ముందుకు చాచింది. పిల్ల ఆగలేదు. క్వారీ గేటు దగ్గర తండ్రిని అందుకోవాలి దానికి. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత కిందికి దిగింది.

మేడమ్ గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. "చిన్నపిల్ల. ఇవాళ కాకపోతే రేపు అర్థం చేసుకుంటుంది," అంది. "ఇప్పుడు కాస్త భయం తగ్గిందా అమ్మా?" అని అడిగింది.

తల్లి నీళ్ళన్నీ తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ తగ్గుతుంది మేడమ్," అంది. "ఇంతకాలం ఆ కూత ఒక్కడి కోసం వినేదాన్ని. ఇక ఇద్దరి కోసం వినాలి."